వెబ్.కాన్ఫిగ్ ఫైలులో డేటాబేసు పాస్‌వర్డు ఉంచడం సరైనదేనా? ఉంచితే ఎలా ఉంచాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. కొన్ని జూనియర్ కళాశాలలకు ఫీజుల వసూలు, రసీదులు, హాజరు చూసే ఒక వెబ్ అప్లికేషన్‌ను మేము నలుగురం కలిసి కొన్నేళ్లుగా నిర్వహిస్తున్నాం. అది ఏఎస్‌పీ డాట్ నెట్‌లో రాసినది; డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ 4.8 మీద, ఐఐఎస్ అనే మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వరులో నడుస్తుంది. డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్. అది వెబ్ సర్వరు ఉన్న యంత్రంలో కాకుండా అదే నెట్‌వర్కులోని మరో యంత్రంలో ఉంది. రెండు యంత్రాలూ ఒకే డొమైన్‌కు, అంటే ఖాతాలన్నిటినీ ఒకేచోట నుంచి చూసే ఒకే విండోస్ నెట్‌వర్కుకు చెందినవి.

మాకంటే ముందు ఈ పని చేసినవారు కనెక్షన్ స్ట్రింగును, అంటే డేటాబేసు సర్వరు పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డు ఉండే పాఠ్యాన్ని, ప్రతి పేజీ కోడులోనూ నేరుగా రాసిపెట్టారు. డేటాబేసును కొత్త యంత్రానికి తరలించిన రోజున పద్నాలుగు ఫైళ్లలో సర్వరు పేరు వెతికి మార్చాం. పదిహేనోది ఒకటి ఉందని మాకు తెలియలేదు. అది రసీదు ముద్రించే పేజీ. మిగతా అప్లికేషన్ అంతా చక్కగా నడుస్తుంటే ఆ ఒక్క పేజీ మాత్రం పదిహేను సెకన్లు ఆగి, సర్వరు దొరకలేదని చెప్పేది. ఫీజు కట్టిన తల్లిదండ్రులు రసీదు కోసం కౌంటరు దగ్గర వరుసగా నిలబడి ఉన్న ఆ పూట నాకు ఇంకా గుర్తుంది. ఆ తరువాత కోడులోని స్ట్రింగులన్నీ తీసేసి, అప్లికేషన్ సెట్టింగులు ఉండే వెబ్.కాన్ఫిగ్ ఫైలులో, యాప్‌సెట్టింగ్స్ అనే విభాగంలో ఒకేచోట పెట్టాం. చాలాకాలం అదే సరిపోయింది.

ఇప్పుడు మళ్లీ చిక్కులు మొదలయ్యాయి. ఈమధ్య జరిగిన భద్రతా తనిఖీలో, అసలు డేటాబేసు పాస్‌వర్డు ఫైలులో చదవగలిగే అక్షరాల్లో ఉందని రాశారు. అదే ఫైలు, మా కోడు మార్పుల చరిత్ర అంతా దాచే గిట్ రిపాజిటరీలో మొదటి కమిట్ (నమోదైన మార్పు) నుంచీ ఉంది. వెంటనే పాస్‌వర్డు మార్చాలని నిర్ణయించి, అంకెలూ గుర్తులూ కలిపి ఒక కొత్తదాన్ని తయారుచేసి ఫైలులో పెట్టి సేవ్ చేసిన మరుక్షణం సైటు మొత్తం 500.19 తప్పుతో ఆగిపోయింది. పాత ఫైలును తిరిగి పెట్టి ఊపిరి పీల్చుకున్నాం గానీ, ఎందుకు ఆగిందో సరిగా అర్థం కాలేదు. ఆ కొత్త పాస్‌వర్డులో ఆంపర్‌శాండ్ (&) గుర్తు ఉంది, దానివల్లేనా?

నేను తెలుసుకోదలచినది ఇది. కనెక్షన్ వివరాలకు యాప్‌సెట్టింగ్స్ సరైన చోటేనా? అభివృద్ధికి, పరీక్షకు, అసలు వాడుకకు మూడు వేర్వేరు డేటాబేసులు ఉన్నప్పుడు, ప్రతిసారీ చేత్తో ఫైలు మార్చకుండా ఎలా నెట్టుకురావాలి? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ విభాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేస్తే (తాళంచెవి లేనిదే చదవలేని సంకేతాలుగా మారిస్తే) నిజంగా ప్రయోజనం ఉందా? విప్పే తాళంచెవి అదే యంత్రంలో ఉన్నప్పుడు ఇంటికి తాళం వేసి చెవిని గుమ్మానికే తగిలించినట్టు కాదా అన్నది నా సందేహం.

సమాధానం 1

మీ చివరి ప్రశ్నకు నాకంటే బాగా చెప్పగలవారు ఇక్కడ ఉన్నారు కనుక దాన్ని వారికే వదిలి, మిగతా వాటి గురించి రాస్తాను.

సైటు ఆగిపోవడానికి కారణం మీరు అనుమానించినదే. వెబ్.కాన్ఫిగ్ అనేది ఎక్స్ఎంఎల్ ఫైలు. ఎక్స్ఎంఎల్‌లో ఆంపర్‌శాండ్ గుర్తుకు ప్రత్యేకమైన అర్థం ఉంది. దాన్ని చూడగానే, ఆ తరువాత ఏదో ఒక సంకేత నామం, దాని చివర సెమీకోలన్ వస్తాయని ఫైలును చదివే ప్రోగ్రాము ఎదురుచూస్తుంది. మీ పాస్‌వర్డులో అవి లేవు కనుక ఫైలు మొత్తం చెల్లనిదైపోయింది. ఫైలే చెల్లనప్పుడు ఐఐఎస్ అప్లికేషన్ దాకా కూడా వెళ్లకుండా 500.19 చూపించి ఆగిపోతుంది. ఆ గుర్తు తప్పనిసరిగా కావాలంటే, ఆంపర్‌శాండ్ తరువాత ఏ, ఎం, పీ అనే మూడు చిన్న అక్షరాలు, ఆపైన సెమీకోలన్ రాయాలి. డబుల్ కోట్‌కూ, లెస్‌దాన్ గుర్తుకూ ఇలాంటి రూపాలే ఉన్నాయి. సెమీకోలన్ సంగతి వేరు: అది ఎక్స్ఎంఎల్‌కు అభ్యంతరం కాదు గానీ, కనెక్షన్ స్ట్రింగులో ఒక భాగాన్ని మరో భాగం నుంచి విడదీసేది అదే కనుక, పాస్‌వర్డులో సెమీకోలన్ ఉంటే పాస్‌వర్డు మొత్తాన్ని సింగిల్ కోట్ల మధ్య పెట్టాలి. నా అలవాటు మాత్రం, గుర్తుల బదులు పొడవును నమ్ముకోవడం. ముప్పై రెండు అక్షరాలూ అంకెలూ కలగలిపి యాదృచ్ఛికంగా తయారుచేసిన పాస్‌వర్డు ఎంతో బలమైనది, ఏ ఫైలులో పెట్టినా తంటా తేదు.

యాప్‌సెట్టింగ్స్‌లో పెట్టడం తప్పు కాదు గానీ, అది పాత పద్ధతి. డాట్ నెట్ 1.1 కాలంలో వేరే చోటు లేక అందరమూ అక్కడే పెట్టేవాళ్లం. 2005లో డాట్ నెట్ 2.0తో కనెక్షన్‌స్ట్రింగ్స్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. అందులో ప్రతి కనెక్షన్‌కూ ఒక పేరు, స్ట్రింగు, ఏ ప్రొవైడరు (డేటాబేసుతో మాట్లాడే లైబ్రరీ) అన్న వివరం ఉంటాయి. కోడులో కాన్ఫిగరేషన్ మేనేజర్ ద్వారా ఆ పేరుతో అడిగి తీసుకోవాలి. ఇలా వేరు చేయడంలో పెద్ద లాభం ఏమిటంటే, మిగతా సెట్టింగులను ముట్టుకోకుండా ఈ ఒక్క విభాగాన్నే ఎన్‌క్రిప్ట్ చేయవచ్చు, ఈ ఒక్క విభాగాన్నే వేరే ఫైలులోకి తరలించవచ్చు. ఒక చిన్న జాగ్రత్త: యంత్రం మొత్తానికీ వర్తించే మెషీన్.కాన్ఫిగ్‌లో లోకల్‌ఎస్‌క్యూఎల్‌సర్వర్ అనే కనెక్షన్ ముందుగానే ఉంటుంది, మీ అప్లికేషన్‌కు అది వారసత్వంగా వస్తుంది. మీ విభాగంలో మొట్టమొదటి వరుసగా క్లియర్ అనే మూలకం పెడితే అలాంటివి లోపలికి రావు.

మూడు డేటాబేసుల విషయానికి వస్తే, విజువల్ స్టూడియో 2010 నుంచి కాన్ఫిగ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే సదుపాయం ఉంది. మూల ఫైలులో అభివృద్ధి డేటాబేసు వివరాలు ఉంచి, వెబ్.రిలీజ్.కాన్ఫిగ్ అనే తోడు ఫైలులో, ఫలానా పేరు గల కనెక్షన్‌కు స్ట్రింగు ఇదీ అని రాస్తే, పబ్లిష్ చేసే (అప్లికేషన్‌ను సర్వరుకు పంపే) సమయంలో అది మారి వెళ్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే: ఈ మార్పు పబ్లిష్ చేసినప్పుడే జరుగుతుంది, విజువల్ స్టూడియోలో ఎఫ్5 నొక్కి నడిపినప్పుడు జరగదు. అయితే అసలు పాస్‌వర్డును ఈ తోడు ఫైలులో రాస్తే అది కూడా గిట్‌లోకే చేరుతుంది. అంటే సమస్య ఒక ఫైలు నుంచి పక్క ఫైలుకు జరిగిందే తప్ప తీరలేదు. అందుకని ట్రాన్స్‌ఫార్మ్‌ను డీబగ్ గుర్తు తీసేయడం వంటి రహస్యం లేని మార్పులకు మాత్రమే వాడండి. కనెక్షన్‌స్ట్రింగ్స్ విభాగానికి కాన్ఫిగ్‌సోర్స్ అనే యాట్రిబ్యూట్ ఇచ్చి, అసలు వివరాలను కనెక్షన్స్.కాన్ఫిగ్ వంటి వేరే ఫైలులో పెట్టి, ఆ ఫైలును గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో చేర్చండి. ప్రతి యంత్రంలో ఆ ఫైలు ఆ యంత్రానిదే ఉంటుంది; పబ్లిష్ చేసేటప్పుడు దాని మీదుగా ఏదీ రాయకూడదు. కొత్తగా చేరినవారు తికమకపడకుండా, పాస్‌వర్డు చోట ఖాళీ వదిలిన ఒక నమూనా ఫైలును రిపాజిటరీలో ఉంచితే చాలు.

ఇంకో మాట. చివర కాన్ఫిగ్ అని ఉన్న ఫైలును బ్రౌజరులో ఎవరైనా అడిగితే ఐఐఎస్ ఇవ్వదు. ఆ రక్షణ మొదటి నుంచీ ఉంది. కానీ మనం హడావిడిలో ఫైలు మార్చే ముందు ఒక నకలు తీసి, దాని చివర టీఎక్స్‌టీ అని చేర్చి అదే ఫోల్డరులో వదిలేస్తాం. ఆ నకలును అడిగినవారికల్లా ఐఐఎస్ నిరభ్యంతరంగా ఇస్తుంది, ఎందుకంటే దాని దృష్టిలో అది మామూలు పాఠ్య ఫైలు. ఫోల్డరు మొత్తాన్ని జిప్ చేసి అక్కడే మరిచిపోయినా ఇదే గతి. పాత ఫైలును తిరిగి పెట్టామని రాశారు కనుక అడుగుతున్నాను, ఆ పాత నకలు ఇప్పుడు ఎక్కడ ఉందో దయచేసి ఈ రోజే చూడండి.

సమాధానం 2

గుమ్మానికి తగిలించిన తాళంచెవి అని మీరు అడిగిన ప్రశ్న న్యాయమైనది. దానికి సరైన జవాబు రావాలంటే ఎవరి నుంచి కాపాడుకోవాలన్నది ముందు తేల్చుకోవాలి.

డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్‌తో పాటే వచ్చే ఏఎస్‌పీనెట్ రెగ్‌ఐఐఎస్ అనే కమాండుకు విభాగం పేరు, ఫోల్డరు దారి చెబితే అది ఆ విభాగాన్ని అక్కడికక్కడే ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. మీ కోడులో ఒక్క అక్షరం కూడా మార్చనక్కరలేదు. అప్లికేషన్ అడిగినప్పుడు ఫ్రేమ్‌వర్కే విప్పి ఇస్తుంది. ఇందుకు రెండు రకాల ప్రొవైడర్లు ఉన్నాయి. డీపీఏపీఐ అనేది విండోస్ తానే దాచుకునే తాళంచెవిని వాడుతుంది. మామూలు అమరికలో ఆ యంత్రం మీద నడిచే ఏ ప్రోగ్రామైనా దాన్ని విప్పగలదు, వేరే యంత్రం మీద మాత్రం విప్పలేదు. ఆర్ఎస్ఏ ప్రొవైడరు అయితే తాళంచెవిని ఒక కంటైనరులో ఉంచుతుంది. ఆ కంటైనరును ఎవరు చదవవచ్చో మనమే చెప్పవచ్చు, కావాలంటే దాన్ని ఎగుమతి చేసి రెండో వెబ్ సర్వరులోకి దిగుమతి చేసుకోవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన ఒకే ఫైలును ఒకటికి మించి వెబ్ సర్వర్లలో వాడాలంటే ఆర్ఎస్ఏ తప్పదు. మొదటిసారి చేసినవారికి సాధారణంగా ఎదురయ్యేది, ఆర్ఎస్ఏ కంటైనరు తెరవలేకపోయామన్న తప్పు. అప్లికేషన్ పూల్ (ఐఐఎస్‌లో మీ అప్లికేషన్‌ను నడిపే ప్రాసెస్) ఏ గుర్తింపుతో నడుస్తుందో ఆ గుర్తింపుకు కంటైనరు చదివే అనుమతి అదే కమాండుతో ఇవ్వకపోవడమే దానికి కారణం.

ఇక ప్రయోజనం. ఆ యంత్రం మీద అడ్మినిస్ట్రేటర్ అధికారం సంపాదించినవారిని గానీ, మీ అప్లికేషన్ లోపల తన కోడు నడిపించగలిగినవారిని గానీ ఈ ఎన్‌క్రిప్షన్ ఆపదు. అప్లికేషన్ విప్పగలిగినదాన్ని అప్లికేషన్ రూపంలో వచ్చినవారూ విప్పగలరు. అక్కడ మీ పోలిక అక్షరాలా నిజం. కానీ ఫైలు ఒక్కటే యంత్రం దాటి బయటికి వెళ్లే సందర్భాలు చాలా ఉన్నాయి, వాటిలో మాత్రం ఇది నిజంగా కాపాడుతుంది. బ్యాకప్ డిస్కు ఇంకొకరి చేతికి వెళ్లవచ్చు. సాయం అడుగుతూ ఎవరో ఫైలును మెయిలులో పంపవచ్చు. పై సమాధానంలో చెప్పిన నకలు బయటపడవచ్చు. ఇవేవీ జరగకపోయినా, 2010 సెప్టెంబరులో జరిగినదాన్ని తలచుకోండి: ఏఎస్‌పీ డాట్ నెట్ ఎన్‌క్రిప్షన్ వాడే తీరులో ప్యాడింగ్ ఒరాకిల్ అనే లోపం బయటపడింది. సర్వరు ఇచ్చే తప్పు సందేశాలలోని తేడాలను పట్టుకుని, ఐఐఎస్ ఎవరికీ ఇవ్వదని మనం ధీమాగా ఉన్న వెబ్.కాన్ఫిగ్ ఫైలునే దింపుకోవడానికి అది వీలు కల్పించింది. మైక్రోసాఫ్ట్ నెలవారీ తేదీ వచ్చేదాకా ఆగకుండా సెప్టెంబరు 28న ఎంఎస్10-070 పేరుతో సవరణ విడుదల చేసింది. ఆ రోజుల్లో ఫైలు పోయినా, అందులోని కనెక్షన్ విభాగం ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నవారి డేటాబేసు పాస్‌వర్డు పోలేదు, ఎందుకంటే ఫైలుతో పాటు తాళంచెవి వెళ్లలేదు. గుమ్మానికి చెవి ఉన్నా, పెట్టెను ఊరు దాటించినవాడికి అది పనికిరాదు.

అయినా మీకు నా సలహా ఎన్‌క్రిప్షన్ కాదు. మీరు ప్రశ్నలో ఒక వాక్యం రాశారు, రెండు యంత్రాలూ ఒకే డొమైన్‌లో ఉన్నాయని. అలాంటప్పుడు పాస్‌వర్డును దాచడం గురించి కాకుండా అసలు లేకుండా చేయడం గురించి ఆలోచించాలి. కనెక్షన్ స్ట్రింగులో యూజర్ పేరు, పాస్‌వర్డు రెండూ తీసేసి, ఇంటిగ్రేటెడ్ సెక్యూరిటీ అన్న చోట ట్రూ అని పెడితే, అప్లికేషన్ పూల్ ఏ విండోస్ గుర్తింపుతో నడుస్తుందో దానితోనే ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వెళ్తుంది. అప్పుడు ఆ ఫైలు ఎవరి చేతికి చిక్కినా వారికి తెలిసేది సర్వరు పేరు, డేటాబేసు పేరు మాత్రమే.

గిట్ గురించి కూడా చెప్పాలి. తరువాతి కమిట్‌లో పాస్‌వర్డు తీసేసినంత మాత్రాన అది పోదు. పాత కమిట్‌లను చూడగలిగిన ప్రతివారికీ అది కనిపిస్తూనే ఉంటుంది. చరిత్రను తిరగరాసే ఉపకరణాలు ఉన్నాయి, కానీ ఇప్పటికే రిపాజిటరీని క్లోన్ (పూర్తి నకలు) చేసుకున్నవారి దగ్గర ఉన్నదాన్ని అవి చెరపలేవు. ప్రైవేట్ రిపాజిటరీయే కదా అనుకోవద్దు: 2016లో ఊబర్ సంస్థకు చెందిన ప్రైవేట్ గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడినవారు అక్కడ దొరికిన క్లౌడ్ తాళంచెవులతోనే 5.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. రిపాజిటరీలోకి ఒక్కసారి వెళ్లిన పాస్‌వర్డును పోయినదిగానే లెక్కగట్టి, డేటాబేసులో మార్చేయడమే మార్గం.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ముందుగా చెప్పవలసినది, సర్వరు ఫోల్డరులో ఒకటి కాదు, మూడు పాత నకళ్లు దొరికాయి, అందులో ఒకదాని చివర నిజంగానే టీఎక్స్‌టీ ఉంది. బయటి ఫోను నుంచి దాని చిరునామా కొట్టి చూస్తే, పాస్‌వర్డుతో సహా ఫైలు మొత్తం తెర మీద కనిపించింది. చేతులు చల్లబడిపోయాయి. వెంటనే మూడింటినీ తొలగించి, ఆంపర్‌శాండ్ లేని కొత్త పాస్‌వర్డు పెట్టాం.

తరువాత పరీక్ష సర్వరులో ఇంటిగ్రేటెడ్ సెక్యూరిటీ ప్రయత్నించాం. కనెక్షన్ స్ట్రింగు మార్చగానే లాగిన్ విఫలమైందంటూ 18456 నంబరు తప్పు వచ్చింది. విచిత్రం ఏమిటంటే, అందులో లాగిన్ పేరు చోట మేము ఎన్నడూ సృష్టించని పేరు ఉంది: డొమైన్ పేరు, తరువాత మా వెబ్ సర్వరు యంత్రం పేరు, చివర డాలరు గుర్తు. అప్లికేషన్ పూల్‌కు మామూలుగా ఉండే అప్లికేషన్‌పూల్‌ఐడెంటిటీయే ఉంది. ఈ డాలరు గుర్తు పేరుకే డేటాబేసులో లాగిన్ ఇవ్వాలా? ఇస్తే ప్రమాదం ఏమైనా ఉందా?

సమాధానం 3

నేను డేటాబేసుల నిర్వహణలో ఉన్నవాణ్ని కనుక ఇటువైపు నుంచి రాస్తాను.

మీకు వచ్చిన తప్పు నిజానికి శుభవార్త. అప్లికేషన్‌పూల్‌ఐడెంటిటీ అనేది ఆ యంత్రం లోపల మాత్రమే చెల్లే గుర్తింపు. అది నెట్‌వర్కు మీదికి అడుగుపెట్టినప్పుడు యంత్రం ఖాతాగా మారి వెళ్తుంది, ఆ ఖాతా పేరు చివరే డాలరు గుర్తు ఉంటుంది. మీ తప్పు సందేశంలో ఆ పేరు కనిపించిందంటే రెండు యంత్రాలూ ఒకరినొకరు డొమైన్ ద్వారా గుర్తుపట్టాయన్నమాట. డొమైన్ సరిగా లేకపోతే అక్కడ అనానిమస్ లాగాన్ వంటి పేరు కనిపించే అవకాశం ఉంది. ఇకముందు 18456 వచ్చినప్పుడు అప్లికేషన్ వైపు చూపించే సందేశంతో సరిపెట్టుకోకుండా ఎస్‌క్యూఎల్ సర్వర్ సొంత ఎర్రర్ లాగ్ తెరవండి. బయటివారికి ఆచూకీ ఇవ్వకూడదని అప్లికేషన్‌కు పంపే సందేశంలో స్టేట్ ఎప్పుడూ 1 అనే ఉంటుంది. అసలు కారణం లాగ్‌లో ఉంటుంది. అక్కడ స్టేట్ 5 అంటే అలాంటి లాగిన్ లేదని, 8 అంటే పాస్‌వర్డు తప్పని, 38 అంటే అడిగిన డేటాబేసును తెరవలేకపోయిందని అర్థం. ఈ మూడు అంకెలు తెలియక గంటలు పోగొట్టుకున్నవారిని ఎంతోమందిని చూశాను.

యంత్రం ఖాతాకు లాగిన్ ఇస్తే పని నడుస్తుంది. అయితే అదే వెబ్ సర్వరు మీద అప్లికేషన్‌పూల్‌ఐడెంటిటీతో నడిచే మరో సైటు ఉంటే, అది కూడా నెట్‌వర్కు మీదికి అదే పేరుతో వస్తుంది, కనుక మీ ఫీజుల డేటాబేసులోకి దానికీ దారి తెరిచినట్టే. ఆ సర్వరు మీద మీ అప్లికేషన్ ఒక్కటే ఉంటే నిశ్చింతగా ఇవ్వండి. ఇంకొకటి ఉంటే మాత్రం గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ తీసుకోండి. విండోస్ సర్వర్ 2012తో వచ్చిన ఈ ఖాతా పాస్‌వర్డును డొమైనే తయారుచేసి, మామూలుగా ముప్పై రోజులకొకసారి తానే మారుస్తుంది. అది ఏ మనిషికీ తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అప్లికేషన్ పూల్ గుర్తింపులో ఆ ఖాతా పేరు చివర డాలరు గుర్తుతో రాసి, పాస్‌వర్డు గడిని ఖాళీగా వదిలేయాలి. డొమైన్‌లో ఇలాంటి ఖాతా ఇదే మొదటిదైతే ముందుగా కేడీఎస్ రూట్ కీ (ఆ పాస్‌వర్డులను తయారుచేయడానికి డొమైన్ వాడే మూల తాళంచెవి) సృష్టించాలి. డొమైన్ కంట్రోలర్లన్నిటికీ చేరాలని అది పది గంటల తరువాత గానీ అమలులోకి రాదు. సాయంత్రం సృష్టించి ఇంటికి వెళ్లి, మర్నాడు ఉదయం మిగతా పని మొదలుపెట్టడం మేలు. మామూలు డొమైన్ ఖాతా ఒకటి తీసి దాని పాస్‌వర్డును ఐఐఎస్‌లో పెట్టే పద్ధతి కూడా ఉంది గానీ, ఐఐఎస్ దాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి దాచుకున్నా ఆ యంత్రం అడ్మినిస్ట్రేటర్ ఒక్క కమాండుతో చదివేయగలడు, పైగా పాస్‌వర్డు గడువు తీరిన రోజున సైటు ఆగిపోతుంది.

ఇంతసేపూ పాస్‌వర్డు ఎక్కడ ఉండాలన్నదే మాట్లాడుకున్నాం. నా దృష్టిలో అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న, ఆ లాగిన్ చేతికి చిక్కినవారు ఏమేం చేయగలరన్నది. మీ ఇప్పటి కనెక్షన్ స్ట్రింగులో ఏ యూజర్ ఉన్నారో మీరు రాయలేదు. అది ఎస్ఏ, అంటే సర్వరు మీద సర్వాధికారాలు ఉన్న లాగిన్ అయితే, ఫైలును ఎంత గట్టిగా దాచినా, అప్లికేషన్‌లోని ఒక్క ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ (బయటివారు తమ డేటాబేసు ఆజ్ఞలను చొప్పించగల) లోపం చాలు, సర్వరు మీద ఉన్న డేటాబేసులన్నీ పోవడానికి. ఎక్స్‌పీ సీఎండీషెల్ అనే సదుపాయాన్ని తెరుచుకుని ఆ యంత్రం మీదే కమాండులు నడపడానికీ అదే చాలు. డీబీ ఓనర్ (డేటాబేసు యజమాని) పాత్ర ఇచ్చినా పట్టికలను చెరిపేసే అధికారం ఉన్నట్టే. ఫీజుల అప్లికేషన్‌కు చదవడం, రాయడం, మీ స్టోర్డ్ ప్రొసీజర్లను (డేటాబేసులోనే దాచిన ప్రోగ్రాములను) నడపడం తప్ప ఇంకేమీ అక్కరలేదు కదా. డేటారీడర్, డేటారైటర్ పాత్రలు, మీ స్కీమా (ఆ ప్రొసీజర్లు ఉన్న సమూహం) మీద ఎగ్జిక్యూట్ (నడిపే) అనుమతి ఇస్తే సరిపోతుంది. అన్ని పనులూ ప్రొసీజర్ల ద్వారానే జరిగితే ఆ రెండు పాత్రలు కూడా ఇవ్వకండి.

కనెక్షన్ స్ట్రింగులో అప్లికేషన్ నేమ్ అనే భాగం ఒకటి ఉంది, దాన్ని తప్పక నింపండి. నింపకపోతే డేటాబేసు వైపు నుంచి చూసే నాలాంటివారికి అందరూ డాట్ నెట్ ఎస్‌క్యూఎల్‌క్లయింట్ డేటా ప్రొవైడర్ అన్న ఒకే పేరుతో కనిపిస్తారు. డేటాబేసును అడిగే ఏ క్వెరీ ఏ అప్లికేషన్ నుంచి వచ్చి సర్వరును తొక్కేస్తున్నదో తేల్చలేం. అలాగే, కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లను మళ్లీ వాడేందుకు ఉంచుకునే సమూహం) అనేది స్ట్రింగు అక్షరం అక్షరం ఒకేలా ఉంటేనే ఒకటిగా లెక్క. భాగాల వరుస మారినా వేరే పూల్ పుడుతుంది, ఒక్కొక్కటి మామూలుగా వంద కనెక్షన్ల దాకా పెరగగలదు. అన్ని పేజీలూ ఒకే పేరుతో ఒకే స్ట్రింగును అడగడం మొదలుపెట్టాక మా సర్వరు మీద తెరిచి ఉన్న కనెక్షన్ల సంఖ్య బాగా తగ్గిన అనుభవం నాకు ఉంది. వెబ్.కాన్ఫిగ్‌లో ఇంపర్సనేషన్ (వాడుకరి గుర్తింపుతోనే అప్లికేషన్ నడవడం) తెరిచి ఉంటే మాత్రం ప్రతి వాడుకరికీ వేరే గుర్తింపు, వేరే పూల్ ఏర్పడతాయి. మీకు అవసరం లేకపోతే అది మూసి ఉందో లేదో చూసుకోండి.

సమాధానం 4

కొత్తగా ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్‌లో పని మొదలుపెట్టేవారు ఇది చదివితే వారి కోసం నాలుగు మాటలు. అక్కడ వెబ్.కాన్ఫిగ్ స్థానంలో యాప్‌సెట్టింగ్స్.జేసన్ ఉంటుంది, పై సమాధానాల్లో చెప్పిన విభాగం ఎన్‌క్రిప్ట్ చేసే కమాండు దానికి పనిచేయదు. దానికి బదులు, ఒకదాని మీద ఒకటి పొరలుగా కాన్ఫిగరేషన్ చదివే పద్ధతి ఉంది: ముందు జేసన్ ఫైలు, అభివృద్ధి యంత్రంలో యూజర్ సీక్రెట్స్, ఆపైన ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ఆపరేటింగ్ సిస్టంలో పెట్టే విలువలు), తరువాత వచ్చినది ముందున్నదాన్ని కప్పేస్తుంది. వేరియబుల్ పేరులో కనెక్షన్‌స్ట్రింగ్స్, రెండు అండర్‌స్కోర్‌లు, తరువాత మీ కనెక్షన్ పేరు రాయాలి. ఒకే అండర్‌స్కోర్ పెట్టి ఎందుకు పనిచేయడం లేదని ఒక రోజంతా వెతికాను. యూజర్ సీక్రెట్స్ పేరు చూసి మోసపోకండి, అది ఎన్‌క్రిప్ట్ అయి ఉండదు. ప్రాజెక్టు ఫోల్డరు బయట, మీ విండోస్ ప్రొఫైలులో మామూలు జేసన్ ఫైలుగా ఉంటుంది. గిట్‌లోకి వెళ్లకుండా కాపాడడం వరకే దాని పని, ఆ పని చక్కగా చేస్తుంది. పాత ఫ్రేమ్‌వర్క్‌లోనే ఉండిపోయినవారికి కూడా 4.7.1 నుంచి కాన్ఫిగరేషన్ బిల్డర్లు ఉన్నాయి, వాటితో ఇలాంటి పొరల పద్ధతినే వెబ్.కాన్ఫిగ్‌కు తెచ్చుకోవచ్చు.

ఇంకొకటి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌తో కలిపే కొత్త లైబ్రరీ అయిన మైక్రోసాఫ్ట్.డేటా.ఎస్‌క్యూఎల్‌క్లయింట్ 4.0 నుంచి ఎన్‌క్రిప్ట్ అనే భాగం రాయకపోయినా ట్రూ గానే లెక్క. పాత స్ట్రింగును కొత్త లైబ్రరీకి ఇచ్చినప్పుడు సర్టిఫికెట్‌ను నమ్మలేమన్న తప్పు వస్తే కారణం అదే. ట్రస్ట్ సర్వర్ సర్టిఫికెట్ ట్రూ అని రాసి ముందుకు పోవడం తేలికే గానీ, అలా చేస్తే అవతల ఉన్నది నిజంగా మన సర్వరేనా అని చూడడం మానేసినట్టు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు సరైన సర్టిఫికెట్ పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు

పని పూర్తయింది కనుక ఏం చేశామో రాస్తున్నాను, ఇలాగే చిక్కుకున్నవారికి పనికివస్తుంది.

మా వెబ్ సర్వరు మీద ఒక కళాశాల వారి పాత నోటీసు బోర్డు సైటు కూడా నడుస్తోందని వెతికితే తెలిసింది, అందుకని గ్రూప్ మేనేజ్డ్ ఖాతానే తీసుకున్నాం. డొమైన్ నిర్వాహకులు శుక్రవారం సాయంత్రం కేడీఎస్ కీ సృష్టించారు. శనివారం ఉదయం పరీక్ష సర్వరులో, ఆదివారం వేకువన అసలు సర్వరులో మార్పు చేశాం. ఆదివారం వేకువ ఎందుకంటే, వెబ్.కాన్ఫిగ్ సేవ్ చేయగానే అప్లికేషన్ తిరిగి మొదలవుతుంది, మా సెషన్లు (లాగిన్ అయినవారి తాత్కాలిక సమాచారం) ఆ ప్రాసెస్‌లోనే ఉంటాయి కనుక అవన్నీ పోతాయి. సగం నింపిన ఫీజు ఫారంతో కౌంటరులోని గుమాస్తా మళ్లీ లాగిన్ పేజీ ముందు కూర్చోవడం ఇంతకుముందు ఒకసారి చూశాం, మళ్లీ చూడదలచుకోలేదు.

మా పాత యూజర్ ఎస్ఏ కాదు గానీ డీబీ ఓనర్. కొత్త ఖాతాకు చదవడం, రాయడం, ప్రొసీజర్లు నడపడం మాత్రమే ఇచ్చాం. సోమవారం ఒకే ఒక్క చోట అనుమతి లేదన్న తప్పు వచ్చింది: సంవత్సరాంత నివేదిక పేజీ ఒక పట్టికను ట్రంకేట్ చేసి (ఒక్కసారిగా ఖాళీ చేసి) మళ్లీ నింపుతుంది, దానికి డేటారైటర్ పాత్ర చాలదు. అధికారం పెంచకుండా, కోడులోని ఆ ఒక్క ఆజ్ఞను డిలీట్‌గా మార్చాం.

పాత లాగిన్‌ను ముందు డిజేబుల్ చేసి, పది రోజులు ఎర్రర్ లాగ్ చూస్తూ కూర్చున్నాం. ఆరో రోజు రాత్రి రెండు గంటలకు ఎవరో ఆ పేరుతో ప్రయత్నించినట్టు కనిపించింది. వెతికితే, మా సొంత యంత్రాల్లోనే ఒకదానిలో వారానికొకసారి నడిచే ఎస్ఎంఎస్ పంపే చిన్న ప్రోగ్రాము. దాని కాన్ఫిగ్ ఫైలులో అదే పాత పాస్‌వర్డు. దాన్నీ కొత్త పద్ధతికి మార్చి, పదో రోజున ఆ లాగిన్‌ను తొలగించేశాం. డొమైన్ బయట, అద్దె హోస్టింగులో ఉన్న ఒక్క నివేదికల సైటుకు మాత్రం పాస్‌వర్డు తప్పలేదు. దానికి చదవడం తప్ప ఇంకే అధికారమూ లేని వేరే లాగిన్ ఇచ్చి, ఆ విభాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాం. హోస్టింగువారు కమాండు వాడనివ్వరు కనుక కోడు నుంచే, విభాగాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే ప్రొటెక్ట్‌సెక్షన్ అనే మెథడ్‌ను పిలిచి ఆ పని చేయించాం. ఆ సైటును ఈ వేసవి సెలవుల్లో మా డొమైన్‌లోకి తెచ్చుకునే ప్రయత్నంలో ఉన్నాం.